ఉధ్నా గల్లీలో అద్దె గది

సూరత్‌లో ఇల్లు చూసుకునేవాళ్ళు ముందుగా తేల్చుకోవలసింది తాపీ నదికి ఏ ఒడ్డున ఉండాలన్నది. బ్యాంకులో చేరిన మొదటి వారంలోనే సింధూజకు ఈ మాట చెప్పింది ప్రమీల. ఇద్దరూ రింగ్ రోడ్ మీది ఒక బ్రాంచిలో పనిచేస్తారు. ప్రమీల సూరత్‌లోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. సింధూజది మెట్‌పల్లి దగ్గర ఓ పల్లె. పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుంది, మొదటి పోస్టింగే ఇంత దూరం పడింది.

"మా అడాజణ్ వచ్చెయ్ యార్. చెట్లు, పార్కులు, అంతా సాఫ్. కాకపోతే పొద్దున వంతెన మీద ట్రాఫిక్ ఉంటుంది. అలవాటైపోతుంది" అంది ప్రమీల.

సింధూజ ఒకరోజు ప్రమీలతో కలిసి ఆ దారిన బస్సు ఎక్కి చూసింది. బస్సు వంతెన దాటడానికే సగం ఓపిక అయిపోయింది. వేసు వైపు వెళ్తే అన్నీ ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్లు. ఒంటరి ఆడపిల్ల అనగానే వాచ్‌మన్ నుంచి సెక్రటరీ దాకా అందరికీ జవాబులు చెప్పుకోవాలి. మిగిలింది ఉధ్నా. అక్కడినుంచి షేర్ ఆటో ఎక్కితే నేరుగా రింగ్ రోడ్‌లో దిగవచ్చు. గల్లీ నిండా మరమగ్గాల కార్ఖానాలు, వాటి మధ్య ఇరుకు ఇళ్ళు. కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి వచ్చిన మగ్గాల కార్మికుల కుటుంబాలు ఎన్నో అక్కడున్నాయి. చప్పుడుంటే ఉందిలే, ఆఫీసు దగ్గర, మన మాట వినబడుతుంది అనుకుంది సింధూజ.

సారక్క ఇల్లు అట్లా దొరికింది. కింద సారక్క ఉంటుంది, పైన ఒక గది అద్దెకు. ఆమెకు అరవై దాటి ఉంటాయి. భర్త మగ్గాల మీద పనిచేసి చాలా ఏళ్ళ క్రితమే పోయాడు. ఇప్పుడు మార్కెట్ నుంచి వచ్చే చీరల వెనక వేలాడే పోగులు కత్తిరించి ఇస్తుంటుంది. సింధూజ గడపలో నిలబడగానే సారక్క చేతిలో కత్తెర అట్లాగే పట్టుకుని కొంతసేపు ఆమెను చూసింది. ఆ తర్వాతే లేచింది.

"మెట్లు నిలువుగున్నయ్, పైలం బిడ్డా" అని మాత్రం అంది.

గది శుభ్రంగా ఉంది. గోడ అవతలే కార్ఖానా. నేల సన్నగా అదురుతూ ఉంటుంది. స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి పెడితే పైన చిన్న చిన్న వలయాలు లేస్తూనే ఉంటాయి. నిద్ర పట్టదేమో అని భయపడింది కాని, మొదటి రోజే ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

మరుసటి రోజు పొద్దున బ్యాంకుకు బయల్దేరింది. ఎదురింటి గడపలో గిన్నెలు తోముతున్న ఆవిడ తలెత్తి, "ఇయ్యాల జల్ది పోతున్నవేంది?" అని అడిగింది. కొత్తవాళ్ళను అడిగినట్టు లేదు ఆ అడగడం. సింధూజ నవ్వి ఊరుకుంది. గల్లీ చివర టీ బండి గుజరాతీ ఆయనది. ఆమె అడగకముందే గ్లాసు అందించాడు. ఒక గుక్క తాగి, చక్కెర వేయలేదే అంది హిందీలో.

"మీరు చక్కెర వేసుకోరు కదా బెన్" అన్నాడతను, వింత ప్రశ్న విన్నట్టు.

ఆటో స్టాండులో ఓంప్రకాష్ అనే ఆయన ఆటో ముందుంది. యాభై ఏళ్ళ మనిషి, తెలంగాణవాడే. ఎక్కడికని అడగలేదు. రింగ్ రోడ్‌లో ఒక చీరల మార్కెట్ గేటు ముందు ఆపి, దిగమన్నట్టు చూశాడు. బ్యాంకు అక్కడికి ఇంకా కొంత దూరం. కొత్త కదా, వాదించడం ఎందుకని దిగి నడిచింది. రెండో రోజూ అక్కడే ఆపాడు. మూడో రోజు తన బ్యాంకు ముందుందని చెప్పింది. ఓంప్రకాష్ తల ఊపాడు. మళ్ళీ ఆ గేటు ముందే ఆపాడు.

ఇవన్నీ పెద్ద విషయాలుగా ఆమెకు అప్పుడు తోచలేదు. వేరే ఊళ్ళో ఇంత చనువుగా చూసుకునేవాళ్ళు ఎవరుంటారని సంతోషించింది కూడా. సారక్క పొద్దున్నే స్టీలు టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చేది. డబ్బా పిడికి ఎర్రటి చీర అంచు ముక్క ఒకటి ముడివేసి ఉండేది. సింధూజను పేరు పెట్టి ఎప్పుడూ పిలిచేది కాదు, బిడ్డా అనేది అంతే. నెల తిరిగేసరికి ప్రమీల ఆఫీసులో చక్కెర వేసిన టీ ఇస్తే సింధూజకు వికారం పుట్టింది. చిన్నప్పటినుంచి రెండు చెంచాలు వేసుకునే మనిషి ఆమె.

వానలు మొదలైన తర్వాత ఒకరోజు ఆలస్యమైంది. నూలు దింపుతున్న లారీ ఒకటి గల్లీకి అడ్డంగా నిలబడి ఉంది. సింధూజ ఆలోచించకుండానే ఎడమకు తిరిగి, రెండు కార్ఖానాల మధ్య సందులోకి దూరింది. ఒక మనిషి పట్టేంత సందు. రెండు పక్కలా తెరిచిన తలుపుల్లోంచి మగ్గాలు ఆడుతున్నాయి. పనివాళ్ళు తల తిప్పలేదు, కాని ఆమె దగ్గరకు రాగానే ఒక్కొక్కరు కాస్త పక్కకు జరిగారు. చివరన చిన్న కమాను ఉంది. అది దాటగానే ఎదురుగా ఆటో స్టాండు. ఓంప్రకాష్ ఆమెను చూసి ఇంజన్ స్టార్ట్ చేశాడు.

సాయంత్రం అదే దారిలో తిరిగి వద్దామనుకుంది. స్టాండు వెనక సందు లేదు, గోడ ఉంది. పాతగోడ. నాచు పట్టింది. మీద ఎప్పటివో సినిమా పోస్టర్ల చింపిరి ముక్కలు. ఇంకెక్కడో అయి ఉంటుందని అటూ ఇటూ నడిచింది. కార్ఖానా గేటు దగ్గర కూర్చున్న ముసలాయన తెలుగువాడే. ఇక్కడ సందు ఉండాలి కదా తాతా అని అడిగింది.

"ఉండె. నీళ్లొచ్చిన ఏడు మూసిండ్రు" అన్నాడాయన. ఆమె ముఖం చూసి, "నీకు ఎరికేనాయె" అని తల పక్కకు తిప్పుకున్నాడు.

నీళ్లొచ్చిన ఏడు అంటే తాపీ పొంగి సూరత్ మునిగిన సంవత్సరం. అప్పటికి సింధూజ చిన్నపిల్ల. గదికి వచ్చి చున్నీ తీసి చూసుకుంటే దాని అంచుకు నల్లటి మగ్గం నూనె మరక ఉంది. అది ఎన్నిసార్లు ఉతికినా పోలేదు.

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. బ్యాంకు నుంచి వస్తుంటే వెనక నుంచి ఎవరో "జమునా" అని పిలిచారు. "ఆఁ" అని సింధూజ వెనక్కి తిరిగింది. ఎదురింటావిడ పాలకూర కట్ట అందించి, మీ అమ్మకియ్యి అంది. సింధూజ తీసుకుని మెట్ల దాకా నడిచింది. అప్పుడు తెలిసింది ఆమెకు తాను పలికిన సంగతి. చేతిలో కూర కట్టతో మొదటి మెట్టు మీద అట్లాగే కూర్చుండిపోయింది.

"పెద్దమ్మా, జమున ఎవరు?" అని లోపలికి వెళ్ళి అడిగింది.

సారక్క కత్తెర ఆగింది. "నా బిడ్డ" అంది. లేచి, పాలకూర కడగడానికి నీళ్ళు పట్టింది.

సింధూజ ఆ తర్వాత రోజుల్లో గల్లీలో తల వంచుకుని నడవడం మొదలుపెట్టింది. ఎవరు పిలిచినా వెంటనే పలకకుండా, ముందు మనసులో తన పేరు అనుకునేది. ప్రమీలకు చెబుదామనుకుంది, కాని ఏమని చెప్పాలి? చక్కెర లేని టీ ఇస్తున్నారని చెప్పాలా?

చెప్పవలసిన పని లేకుండానే ఒక మనిషి తారసపడింది. ఆరోజు ఓంప్రకాష్ ఆటో రాలేదు. సింధూజ వేరే ఆటో ఎక్కింది. ఉధ్నా దర్వాజా దగ్గర ఒకామె ఎక్కి పక్కన కూర్చుంది. ముప్పై ఏళ్ళుంటాయి, పొట్టిగా, బొద్దుగా ఉంది. ఆమె చూపు సింధూజ ఒళ్ళో టిఫిన్ డబ్బా మీద పడి అక్కడే ఆగిపోయింది.

"ఆ డబ్బా సారక్కది గదా" అంది తెలుగులో.

ఆమె పేరు సంతోషి. ఒక బట్టల కంపెనీలో లెక్కలు రాస్తుంది. సింధూజకు ముందు ఆ గదిలో ఉన్నది తనే. ఇద్దరూ రింగ్ రోడ్‌లో దిగి, ఒక మార్కెట్ మెట్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. చుట్టూ చీరల మూటలు మోసుకుంటూ మనుషులు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు.

"నిన్ను గూడ ఆ పేరుతోని పిలుస్తుండ్రా?" అని అడిగింది సంతోషి.

సింధూజ తల ఊపింది. "నేను గిట్ల ఆమె లెక్క ఉంటనా అక్కా? జమున లెక్క?"

"నేను ఫోటో చూసిన. పెద్ద పెద్ద కండ్లు, ఉంగరాల జుట్టు. నేను పొట్టి, నువ్వు పొడుగు. ఎవరికీ పోలికే లేదు. వాళ్ళు మన మొఖాలు చూస్తలేరు."

"మరి ఏం చూస్తుండ్రు?"

సంతోషి డబ్బా పిడికున్న ఎర్ర ముక్కను వేలితో ముట్టింది. "నాకు గూడ తొలుత మంచిగనే అనిపించింది. సొంతవాళ్ళ లెక్క చూసుకుంటరు. తర్వాత నేనే పలుకుడు షురూ చేసిన. ఒకనాడు మా అమ్మ ఊరి నుంచి ఫోన్ చేసింది. సంతోషీ అన్నది. ఎవర్ని పిలుస్తుందా అని నేను వెనక్కి తిరిగి చూసిన. ఆ మర్నాడే సామాను సదురుకున్న."

ఆమె లేచి చీర కొంగు దులుపుకుంది. పోబోతూ, "సారక్క మంచిది. ఆమెను ఏమనకు" అంది.

సింధూజ ఆరోజు పని చేసిందన్న మాటే గాని ఏం చేసిందో తెలియదు. మధ్యాహ్నం ప్రమీల దగ్గరికి వెళ్ళి, అడాజణ్‌లో ఏదైనా గది ఖాళీ ఉంటే ఆదివారం చూస్తానంది. ట్రాఫిక్ సంగతి ఏమాయె అని ప్రమీల నవ్వింది. సింధూజ నవ్వలేదు.

ఆదివారం పొద్దున ముసురు పట్టింది. సింధూజ సారక్కకు చెప్పింది, నదికి అవతల గది చూడడానికి పోతున్నానని. సారక్క ఆమె వైపు చూసింది. సరే అన్నట్టు తల ఆడించి మళ్ళీ చీర మీదికి వంగింది.

సింధూజ ఇంకెవరికీ చెప్పలేదు. అయినా ఆమె గడప దిగేసరికి గల్లీలో రెండు పక్కలా ఆడవాళ్ళు తలుపుల్లో నిలబడి ఉన్నారు. పిల్లలు కూడా ఆడడం లేదు. కరెంటు కోతో ఏమో, మగ్గాలు ఆగిపోయి ఉన్నాయి. ఆ గల్లీలో మొదటిసారి ఆమెకు తన చెప్పుల చప్పుడు వినబడింది. ఎవరూ ఆపలేదు. ఎదురింటావిడ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టీ బండి ఆయన గ్లాసు అందించలేదు, స్టౌ మంట తగ్గించి నిలబడ్డాడు.

స్టాండులో ఓంప్రకాష్ ఉన్నాడు. అడాజణ్ అని చెప్పింది సింధూజ. ఆటో కదిలింది, రింగ్ రోడ్ దాటింది, నది వైపు వెళ్ళింది. వంతెన మొదట్లో రోడ్డు పక్కకు తీసి ఆపాడు. రెండు చేతులూ హ్యాండిల్ మీద అట్లాగే పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏంది కాకా, పోనీయి" అంది.

"ఆ రోజు గూడ నేనే తీస్కొచ్చిన" అన్నాడు ఓంప్రకాష్ ముందుకు చూస్తూనే. "మార్కెట్ గేటు కాడి పని ఇడుస్తున్న, అవతల ఏదో బడిల నౌకరి దొరికిందన్నవు. ఆడనే రూం చూసుకుంట, రోజూ ఇంత దూరం తిరుగుడు నాతోని కాదన్నవు. గిట్లనే వాన. వంతెన మీద జామ్ ఉండె. నడిచిపోత కాకా అని దిగినవు. నేను దించిన. తెల్లారేసరికి అడాజణ్ మొత్తం నీళ్ళల్ల ఉండె." గొంతు సవరించుకున్నాడు. "మల్లొక్కసారి దించలేను బిడ్డా. వాపస్ పోదాం."

"నేను జమునను కాదు కాకా."

అతను అద్దంలోంచి ఆమెను చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు, కోపం లేదు. మొండికేసిన కూతురిని చూస్తున్నట్టు చూశాడు. సింధూజ దిగి, వంతెన మీదికి నడిచింది.

నది నిండుగా ఉంది, మట్టిరంగులో. బస్సులు, స్కూటర్లు పక్కనుంచి పోతున్నాయి. సగం దాకా మామూలుగానే నడిచింది. ఆ తర్వాత కాళ్ళు బరువెక్కాయి. అలసట కాదది. మోకాళ్ళ దాకా నీళ్ళలో నడుస్తున్నప్పుడు ఉండే బరువు. కిందికి చూస్తే పొడి సిమెంటు, దాని మీద సన్నటి తుంపర. పిట్టగోడ పట్టుకుని నిలబడింది. వెనక్కి తిరిగితే చాలు, కాళ్ళు తేలికవుతాయని ఆమెకు ఎందుకో తెలిసింది. తిరిగితే ఏ పేరుకు పలకాలో కూడా తెలిసింది.

"సింధూజా."

ఆ గొంతు సారక్కది. మూడు నెలల్లో ఆమె నోట ఆ పేరు వినడం అదే మొదలు. సింధూజ తిరిగి చూసింది. సారక్క తలమీద కొంగు కప్పుకుని, ఆయాసపడుతూ పిట్టగోడ వెంబడి వస్తోంది. వేరే ఆటోలో వచ్చి వంతెన దగ్గర దిగినట్టుంది. దగ్గరకు వచ్చి సింధూజ మణికట్టు పట్టుకుంది.

"నేను ఎన్నడన్న నిన్ను ఆ పేరు వెట్టి పిలిచిన్నా?" అని అడిగింది.

"లేదు."

"ఆమె పోయినంక గల్లీల ఎవ్వలు నా దిక్కు చూడకపోయేటోళ్ళు. నేను కనవడితె తలకాయలు దించుకునేటోళ్ళు. ఓంప్రకాష్ అయితె నా ఇంటి ముంగటికెల్లి పోవుడే బంద్ చేసిండు. నాతోని మాట్లాడనీకె ఒక్క మనిషి లేడు. మీది రూం కిరాయికిచ్చినంక, పొద్దుగాల ఓ పిల్ల మెట్లు దిగుతుంటె ఎవలో జమునా అన్నరు. అందరి మొఖాలు తేటవడ్డయ్. నన్ను పలకరించుడు షురూ చేసిండ్రు. నేను కాదనలే." ఆగి ఊపిరి తీసుకుంది. "ఆ పిల్లలకు ఏమైతదో అని భయమే ఉండె. కని మల్ల ఒంటిగ ఉండుడంటె ఇంకింత భయమాయె."

"మరి ఇప్పుడు ఎందుకొచ్చినవ్ పెద్దమ్మా?"

"నువ్వు నీ పేరు మీద దాటాలె బిడ్డా. ఆ పేరు మీద కాదు. గా ముచ్చట చెప్పనీకె వచ్చిన."

సారక్క కిందికి, నీళ్ళ వైపు, ఒకసారి చూసింది. ఆ వరద తర్వాత ఆమె ఈ వంతెన ఎక్కలేదు. ఇన్నేళ్ళలో నది అవతల ఎట్లా ఉంటుందో కూడా చూడలేదు. చూపు తిప్పుకుని, "పా" అంది. సింధూజ మణికట్టు వదలకుండా తనే ముందు అడుగు వేసింది. ఇద్దరూ మెల్లగా నడిచారు. అవతలి ఒడ్డు చేరేసరికి సింధూజ కాళ్ళు మామూలుగానే ఉన్నాయి. ఎక్కడ మారిందో గుర్తు లేదు.

ప్రమీల బస్‌స్టాప్‌లో ఎదురుచూస్తోంది. గది మూడో అంతస్తులో, వెలుతురుగా ఉంది. సారక్క కొళాయిలు తిప్పి చూసింది. కిటికీ గడియలు వేసి తీసింది. నీళ్ళు ఎప్పుడెప్పుడు వదులుతారని ఇంటావిడను తనకొచ్చిన గుజరాతీలో అడిగింది. వంటగది గట్టు మీద అరచేయి ఆనించి కాసేపు నిలబడింది. నేల అదురుతుందేమో అని చూస్తున్నట్టుంది. అదరలేదు. "మంచిగున్నది. తీసుకో" అంది.

సింధూజ నెల మొదట్లో మారిపోయింది. సామాను ఎక్కిస్తుంటే గల్లీలో ఎవరూ బయటికి రాలేదు. ఆ పై నెలలో తెలిసింది, సారక్క పై గది ఇక ఎవరికీ ఇవ్వడం లేదని.

బతుకమ్మ పండుగకు సారక్క రమ్మని కబురు చేస్తే సింధూజ ఉధ్నా వెళ్ళింది. మధ్యాహ్నం ఎండలో గల్లీ ఆడవాళ్ళు చాపలు పరుచుకుని బంతిపూలతో బతుకమ్మలు పేరుస్తున్నారు. వాళ్ళ మధ్యనుంచి నడిచి వస్తుంటే ఎదురింటావిడ తలెత్తి చూసింది. మర్యాదగా నవ్వింది.

"ఎవలింటికమ్మా?" అని అడిగింది.

"సారక్క ఇంటికి. నేను సింధూజను, మీద గదిల ఉన్నకదా."

ఆవిడ పక్కనున్నవాళ్ళ వైపు చూసింది. వాళ్ళు సింధూజ ముఖంలోకి, పరీక్షగా, ఒక్కొక్కరుగా చూశారు. ఎవరికీ గుర్తు రాలేదు. నటన కాదది. నటన అయితే ఎవరో ఒకరు కళ్ళు దించుకునేవారు. "ఆ మీద గదిల ఎవ్వలు ఉండకపోయిరి గదా" అంది ఒక ముసలామె, అమాయకంగా.

సింధూజ లోపలికి వెళ్ళి కూర్చుంది. సారక్క సత్తుపిండి ముద్ద చేతిలో పెట్టింది.

"వాళ్ళకు నేను తెల్వదంటుండ్రు పెద్దమ్మా. మూడు నెలలు రోజూ చూసిండ్రు."

"నిన్ను వాళ్ళు చూడలే బిడ్డా" అంది సారక్క. "చూసింది నిన్ను కాదు."

"మరి నీతోని మాట్లాడుతుండ్రా ఇప్పుడు?"

"మాట్లాడుతుండ్రు. పోయిన వారం ఓంప్రకాష్ వచ్చిండు, గా గడపల కూసున్నడు. జమున పోయి ఇన్నేండ్లాయె వదినా అని ఏడ్చిండు. పోయింది అన్న మాట వాని నోట గప్పటిదాక రాలే." సారక్క గిన్నె మూత పెట్టింది. "నేను గూడ ఏడ్చిన. అంతే."

వాళ్ళు కాసేపు ఊరి సంగతులు, బ్యాంకు సంగతులు మాట్లాడుకున్నారు. సింధూజ వచ్చే ఆదివారం తన గదికి రమ్మంటే సారక్క వస్తానంది. పొద్దు వాలకముందే సింధూజ బయల్దేరింది. సారక్క చెప్పులు వేసుకుని ఆమెతో పాటు స్టాండు దాకా నడిచింది. ముందున్న ఆటో ఎవరో కొత్తవాడిది. సింధూజ నోరు తెరవకముందే సారక్క వంగి, "అడాజణ్" అని తనే చెప్పింది.